అన్నయ్య పొద్దున స్టేషన్‌కు వెళ్లాడు, ఇంకా బయటికి పంపలేదు. ఏం చేయాలి?

ఖమ్మంచెల్లి | సోమవారం, మధ్యాహ్నం 1:20

అందరికీ నమస్కారం. చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి. మాది పాత ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. నిన్న పొద్దున పొలం గట్టు దగ్గర మా అన్నయ్యకూ పెదనాన్న కొడుక్కూ గొడవైంది. వాళ్లు ట్రాక్టర్‌తో దున్నుతూ గట్టును మూరెడు మా వైపు జరిపారు. మాటా మాటా పెరిగి కొట్టుకున్నారు. ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారో నేను చూడలేదు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఇద్దరి చేతుల్లోనూ కర్రలున్నాయి. అన్నయ్య తల పగిలితే ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ మూడు కుట్లు వేశాడు. పెదనాన్న కొడుక్కి మణికట్టు వాచింది, ఎముక విరిగిందంటున్నారు. వాళ్లు నేరుగా స్టేషన్‌కు, అక్కడి నుంచి సర్కారు దవాఖానాకు వెళ్లారు. మేమేమో ఇంటి గొడవే కదా, పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకుందామని ఊరుకున్నాం.

సాయంత్రం కానిస్టేబుల్ ఫోన్ చేసి "ఒకసారి వచ్చి పో" అన్నాడు. అన్నయ్య వెళ్తే ఫోన్ తీసుకుని రాత్రి 11 దాకా కూర్చోబెట్టి, పొద్దున 9కి రమ్మని పంపారు. ఇవాళ 9కి వెళ్లాడు, ఇంతవరకు బయటికి రాలేదు. అడిగితే "సార్ రానీ, చూద్దాం" అంటున్నారు. నాన్న లేరు, అమ్మకు 66 ఏళ్లు. అన్నయ్య రెండేళ్లుగా కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. ఊళ్లో ఒక పెద్దాయన 50 వేలు సర్దితే కేసు లేకుండా చేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

నల్లకోటు | సోమవారం, మధ్యాహ్నం 1:34

అమ్మా, డబ్బు ఎవరికీ ఇవ్వకండి. ఇప్పుడే ఒక పెద్దమనిషిని గానీ, మండలంలో తెలిసిన లాయర్‌ను గానీ వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి. అక్కడ అడగాల్సింది మర్యాదగా అడగండి: "మా అన్న మీద ఎఫ్‌ఐఆర్ అయిందా? క్రైమ్ నంబర్ ఎంత? ఏ సెక్షన్లు? అరెస్టు చేశారా, నోటీసు ఇస్తారా?" అరెస్టు చేస్తే కారణం అతనికి చెప్పాలి, ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, దారి ప్రయాణం కాకుండా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అరెస్టు చేయకపోతే అతను లేచి ఇంటికి రావచ్చు. అరెస్టూ కాదు, వదిలిపెట్టడమూ కాదు, ఊరికే కూర్చోబెట్టడం అనేది చట్టంలో లేదు.

సిరిసిల్లవదిన | సోమవారం, మధ్యాహ్నం 1:41

చెల్లీ, ముందు అమ్మకు కాస్త అన్నం పెట్టు. పోయినేడు మా మరిదిది కూడా ఇట్లనే అయింది. నువ్వు ఒక్కదానివే పోకు.

పాత304 | సోమవారం, మధ్యాహ్నం 2:05

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యాను. లోపలి సంగతి చెప్తాను, వినమ్మా.

స్టేషన్‌లో జనరల్ డైరీ అని ఒకటుంటుంది. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఏం చేశామన్నది టైముతో సహా అందులో రాయాలి. ఫోన్ చేసి పిలిచిన మనిషి పేరు చాలాసార్లు అందులోకి ఎక్కదు. రేపు ఏదన్నా జరిగితే "అతను మా దగ్గరికి రానేలేదు" అనడానికి అక్కడే సందు దొరుకుతుంది. మీరు చేయాల్సింది ఆ సందు మూసేయడం. "మా అన్న ఇవాళ ఉదయం 9 గంటల నుంచి మీ స్టేషన్‌లో ఉన్నాడు, తలకు కుట్లు ఉన్నాయి, మందులు వేసుకోవాలి" అని ఎస్‌ఐ గారి అధికారిక నంబర్‌కు ఇప్పుడే మెసేజ్ పెట్టండి. అదే మెసేజ్ సీఐకి, ఏసీపీకి కూడా. మీ ఊరు ఖమ్మం కమిషనరేట్ కిందికొస్తే ఏసీపీ, కొత్తగూడెం వైపైతే డీఎస్పీ. తిట్టొద్దు, బెదిరించొద్దు. టైము, పేరు, దెబ్బ, ఇంతే రాయండి. మెసేజ్ చేరిన పది నిమిషాల్లో స్టేషన్ రాతపని చూసే రైటర్ పుస్తకం తీస్తాడు. నా సర్వీసులో చాలాసార్లు చూశాను.

ఇంకో మాట. స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని, ఆ రికార్డును నెలల తరబడి దాచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీ అన్న లోపలికి వెళ్లిన టైము అందులో ఉంటుంది. అందుకని టైములు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపటికి మర్చిపోతారు.

ఖమ్మంచెల్లి | సోమవారం, మధ్యాహ్నం 2:20

సరే సార్, మెసేజ్‌లు పెట్టేశాను. మా మేనమామ వస్తున్నాడు, ఆయనతో వెళ్తాను.

గోదారిగట్టు | సోమవారం, మధ్యాహ్నం 2:48

నేను కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకు తల్లీ. ఆర్‌ఎంపీ దగ్గర కుట్లు వేయించుకోవడమే మీరు చేసిన పెద్ద పొరపాటు. తల పగిలిన మనిషి సర్కారు ఆసుపత్రికి వెళ్తే డాక్టర్ ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసు అయ్యే గాయాల రిజిస్టర్‌లో రాస్తాడు. దెబ్బ ఎక్కడ, ఎంత లోతు, దేనితో తగిలి ఉండొచ్చు, ఎన్ని గంటలకు వచ్చాడు, అన్నీ. పోలీసులకు కబురు ఆసుపత్రి నుంచే వెళ్తుంది. అవతలివాళ్లు ఆ పని చేశారు. మీరు చేయలేదు. ఇప్పుడు కాగితం మీద చూస్తే కొట్టింది మీ అన్న, దెబ్బలు తిన్నది వాళ్లు. మాకు కోనసీమలో సరిగ్గా ఇలాగే జరిగింది. మా బాబాయికి చెవి తెగినా చివరిదాకా ముద్దాయిగానే తిరిగాడు, ఎందుకంటే ఆసుపత్రి కాగితం లేదు. మీ అన్న బయటికి రాగానే ఇంటికి కాదు, ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు. కుట్లు కనపడుతున్నాయి కదా.

నల్లకోటు | సోమవారం, మధ్యాహ్నం 3:02

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ కేసు మొత్తం ఆ మణికట్టు ఎక్స్‌రే మీద ఆడుతుంది. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయం అంటుంది. భారతీయ న్యాయ సంహిత 117(2), ఏడేళ్ల వరకు శిక్ష. విరగకుండా వాపే అయితే మామూలు గాయం, 115(2), ఏడాది వరకు. కర్రను ప్రమాదకరమైన ఆయుధంగా రాస్తే 118(1), మూడేళ్ల వరకు. విరగడమూ ఉండి, ఆయుధమూ ఉందని రాస్తే 118(2). అదొక్కటీ బరువైనది, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో ఏ నంబర్ వేశారో చూడమన్నది ఇందుకే.

118(2) లేకపోతే మిగిలినవన్నీ ఏడేళ్ల లోపువే. అప్పుడు సాధారణంగా అరెస్టు చేయకుండా బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కింద నోటీసు ఇచ్చి పంపాలి. 2024 జూలై 1కి ముందు దీన్నే 41ఏ నోటీసు అనేవాళ్లం, స్టేషన్లలో ఇప్పటికీ నోటికి ఫార్టీవన్ ఏ అనే వస్తుంది. బీహార్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది: ఏడేళ్ల లోపు నేరాల్లో అరెస్టు అనేది అలవాటుగా చేసే పని కాదు, ఎందుకు అవసరమో పోలీసు రాసి చూపించాలి అని. నోటీసు చేతికొస్తే భయపడకండి. దాన్ని పాటించినంత కాలం అది మీ అన్నకు రక్షణ. పిలిచిన రోజున వెళ్లకపోతే మాత్రం అదే అరెస్టుకు దారి.

ఖమ్మంచెల్లి | సోమవారం, రాత్రి 8:15

అన్నయ్యను 6 గంటలకు పంపించారు. మెసేజ్ వెళ్లాక ఎస్‌ఐ గారే వచ్చి మామయ్యతో బాగానే మాట్లాడారు. ఎఫ్‌ఐఆర్ అయింది, నోటీసు ఇచ్చారు, గురువారం 11కి రమ్మన్నారు. సెక్షన్లు 115(2), 118(1), బెదిరించాడని 351(2), ఇంకా 3(5). ఇప్పుడు ఏరియా ఆసుపత్రిలో ఉన్నాం, ఎంఎల్‌సీ రాశారు. అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

కానీ నాలుగు సందేహాలు. అన్నయ్యతో రెండు తెల్లకాగితాల మీద సంతకం పెట్టించుకున్నారట. ఫోన్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. గురువారం నన్నూ అమ్మనూ కూడా స్టేషన్‌కు తీసుకురమ్మన్నారు. ఆ 3(5) అంటే ఏంటో తెలియలేదు.

నల్లకోటు | సోమవారం, రాత్రి 9:10

3(5) అంటే ఉమ్మడి ఉద్దేశం, పాత సెక్షన్ 34. ఒక్కడే నిందితుడైతే అది రాయరు. అంటే ఏ2, రెండో నిందితుడు, ఎవరో ఉన్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీలో చూడండి, మీ పేరు గానీ మీ మామయ్య పేరు గానీ పెట్టారేమో. రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో కాపీ దొరుకుతుంది. ఫిర్యాదు చేసినవాళ్లకు స్టేషన్‌లోనే ఉచితంగా ఇవ్వాలి, నిందితుడు కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి కూడా తీసుకోవచ్చు.

సంతకాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. నోటీసు అందిందని సంతకం పెట్టడం మామూలే. కానీ దర్యాప్తులో పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద, ఇచ్చినవాళ్లు సంతకం పెట్టకూడదని చట్టమే చెబుతోంది. తెల్లకాగితం మీద అయితే ఎవరు అడిగినా, ఎంత నవ్వుతూ అడిగినా పెట్టకూడదు. రేపే "ఫలానా టైములో రెండు ఖాళీ కాగితాల మీద నా సంతకం తీసుకున్నారు" అని రాసి ఏసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి, రశీదు దాచుకోండి. ఫోన్‌ను కేసు కోసం స్వాధీనం చేసుకుంటే జాబితా రాయాలి, ఆ స్వాధీనాన్ని వీడియో తీయాలి. అది బీఎన్‌ఎస్‌ఎస్ 105. కేసుకు అక్కర్లేకపోతే తిరిగి ఇచ్చేయాలి.

ఇక మీరూ అమ్మా. సాక్షులుగా పిలుస్తుంటే స్టేషన్‌కు వెళ్లాల్సిన పని లేదు. ఆడవాళ్లను ఏ వయసువాళ్లనైనా, మగవాళ్లలో 15 ఏళ్ల లోపు, 60 దాటినవాళ్లను వాళ్లుండే చోటికే వచ్చి విచారించాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 179 సెక్షన్ అని చెప్పండి. "అమ్మకు బాగోలేదు, మీరే ఇంటికి రండి సార్, టీ తాగి వెళ్దురు గానీ" అన్నా చాలు.

పాత304 | సోమవారం, రాత్రి 9:30

టీ మాట బాగా చెప్పారు లాయర్ గారూ. మర్యాదగా చెబితే నూటికి తొంభై మంది వస్తారు.

రాయచోటి_కువైట్ | మంగళవారం, ఉదయం 6:05

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నా బాధ కూడా ఇలాంటిదే. నేను కువైట్‌లో డ్రైవర్‌ని. నాలుగేళ్ల కిందట ఊళ్లో ఒక కొట్లాట కేసులో నా పేరు ఏ4గా ఉంది. రెండు వాయిదాలకు వెళ్లి, వీసా రాగానే వచ్చేశాను. ఇప్పుడు నాన్నకు ఆపరేషన్. ఊరికి రావాలి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని ఒకరు, ఏమీ కాదని ఒకరు అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.

నల్లకోటు | మంగళవారం, ఉదయం 7:20

తమ్ముడూ, వాయిదాలకు వెళ్లకపోతే కోర్టు నాన్‌బెయిలబుల్ వారెంట్ ఇచ్చి ఉండొచ్చు. మీ ఊరి కోర్టులో లాయర్‌తో కేసు నంబర్ పెట్టి చూపించండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీరే ఫోన్‌లో చూసుకోవచ్చు, ప్రతి వాయిదా రోజు ఏం జరిగిందో ఉంటుంది. వారెంట్ ఉంటే వచ్చీ రాగానే మీ అంతట మీరే కోర్టుకు వెళ్లి వారెంట్ రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేయండి. టికెట్ తీసుకునే ముందే లాయర్‌తో ఆ పిటిషన్ రాయించి సిద్ధంగా పెట్టుకోండి. తన కాళ్లతో నడిచి కోర్టుకొచ్చినవాడికీ, పోలీసులు పట్టుకొచ్చినవాడికీ జడ్జి దగ్గర తేడా ఉంటుంది. పోలీసులు లుకౌట్ సర్క్యులర్ తెరిపించి ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపుతారు, అది నిజమే. అందుకే ఆసుపత్రి కాగితాలు, కోర్టు కాగితాలు చేతి సంచిలో పెట్టుకుని రండి.

సిరిసిల్లవదిన | మంగళవారం, ఉదయం 8:00

మా వైపు దుబాయ్ పోయినోళ్లలో సగం మందికి ఇదే కథ. నాన్నకు నయం కావాలి తమ్ముడూ.

టీచర్‌గారమ్మాయి | మంగళవారం, ఉదయం 10:12

నోటీసు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మా నాన్న రిటైర్డ్ టీచర్. నిన్న వాట్సాప్‌లో "మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కెమెరా ముందు నుంచి కదలొద్దు" అన్నారట. పోలీసు బట్టల్లోనే ఉన్నాడట. మూడు గంటలు వణికిపోతూ కూర్చున్నాడు. పాల అబ్బాయి తలుపు కొడితే గానీ బయటపడలేదు. డబ్బు ఇంకా పంపలేదు.

పాత304 | మంగళవారం, ఉదయం 10:20

డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదమ్మా. అరెస్టు చేసేవాడు ఎదురుగా వచ్చి నిలబడాలి. 35(3) నోటీసు కూడా వాట్సాప్‌లో ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆదేశించింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. డబ్బు పంపినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే తెల్లారేదాకా ఆగకండి, అదే నిమిషంలో 1930కి చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఖమ్మంచెల్లి | గురువారం, మధ్యాహ్నం 2:40

అన్నయ్య వెళ్లి వచ్చాడు. అడిగినవి చెప్పాడు, కాగితాలేవీ సంతకం చేయలేదు. ఫోన్ ఇచ్చేశారు. ఏ2గా మా మామయ్య పేరు ఉంది! ఆయన ఆరోజు ఖమ్మంలో ఉన్నాడు, బస్సు టికెట్, మందుల షాపు బిల్లు ఉన్నాయి. మేము కూడా మా ఫిర్యాదు ఇద్దామని వెళ్తే "ఒకే గొడవకు రెండు ఎఫ్‌ఐఆర్‌లు ఎందుకమ్మా" అన్నారు.

నల్లకోటు | గురువారం, మధ్యాహ్నం 3:15

ఒకే గొడవ గురించి అవతలి పక్షం చెప్పేది వేరైతే కౌంటర్ కేసు పెట్టుకోవచ్చు. రెండు కేసులూ ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విని తీర్పు చెప్పాలన్నది పద్ధతి. తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో కమిషనర్‌కు గానీ ఎస్పీకి గానీ పంపండి. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగిందని ఫిర్యాదులో కనపడితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. కొత్త చట్టంలో కొన్ని నేరాలకు, అంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే వాటికి, పై అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలుంది. అదైనా ఏ రోజు మొదలుపెట్టారో అడగండి.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. జరిగింది జరిగినట్టే రాయండి. మీ అన్న కర్ర పట్టుకోలేదని రాయకండి, పట్టుకున్నాడని మీరే మొదట చెప్పారు. మీ మామయ్య విషయంలో వాళ్లు అబద్ధం చెప్పారు, ఆ టికెట్ దర్యాప్తు అధికారికి ఇచ్చి అందినట్టు రాయించుకోండి. మీరు ఇంకో అబద్ధంతో బదులిస్తే ఆ టికెట్‌కు కూడా విలువ పోతుంది.

గోదారిగట్టు | గురువారం, సాయంత్రం 5:00

గట్టు సంగతి కూడా వదలకండి. తహసీల్దార్ ఆఫీసులో సర్వేకు దరఖాస్తు పెట్టి హద్దురాళ్లు వేయించండి. క్రిమినల్ కేసు ఎవరు గెలిచినా గట్టు ఎక్కడుండాలో అది చెప్పదు. మళ్లీ దుక్కుల టైముకు మళ్లీ అదే గొడవ.

డిగ్రీఫైనల్ | గురువారం, రాత్రి 9:45

కానిస్టేబుల్ ఉద్యోగం సంగతి ఎవరూ చెప్పలేదు. కేసు ఉంటే ఇక రాదా?

పాత304 | గురువారం, రాత్రి 10:10

కేసు ఉన్నంత మాత్రాన తలుపులు మూసుకుపోవు బాబూ. సెలెక్ట్ అయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. "మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా" అన్న గడి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి. క్రైమ్ నంబర్, సెక్షన్లు, ప్రస్తుతం ఏ దశలో ఉంది, అన్నీ. చిన్న కేసైతే బోర్డు ఆలోచిస్తుంది. దాచినట్టు తేలితే, చేరాక కూడా తీసేసే అధికారం వాళ్లకుంది. సుప్రీంకోర్టు 2016లో దీని మీద వివరంగా చెప్పింది. ఎస్‌బీ (స్పెషల్ బ్రాంచ్) వాళ్లు ఊరికొచ్చి విచారిస్తారు, ఊళ్లో ఎవరో ఒకరు చెప్తారు. నా కళ్లముందే ఒక కుర్రాడు, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయిన కేసును రాయకుండా వదిలేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రాసి ఉంటే ఉండేదేమో. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఖమ్మంచెల్లి | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:30

అందరికీ చెప్పాలని వచ్చాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని వచ్చిందట, వాపే. మా కౌంటర్ కేసు కూడా కట్టారు. మామయ్య టికెట్, బిల్లు తీసుకుని అందినట్టు రాసిచ్చారు. సర్వేకు దరఖాస్తు పెట్టాం.

మొన్న అన్నయ్య కుట్లు చూపించుకోవడానికి దవాఖానాకు వెళ్తే, పెద్దమ్మ అక్కడే ఓపీ లైన్‌లో ఉంది. అమ్మను చూసి ఏడ్చేసింది. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదట. తర్వాత పెద్దమ్మే "పిల్లల బతుకులు కోర్టుల చుట్టూ తిరగొద్దు చెల్లే" అందట. మాకూ అదే ఉంది. లాయర్ సార్, ఇప్పుడు రాజీ కుదురుతుందా? ఆ 50 వేల పెద్దాయన మళ్లీ వచ్చి, కాగితం తనే రాయిస్తానంటున్నాడు.

నల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

చాలా సంతోషం అమ్మా. కానీ ఊళ్లో రాసుకున్న రాజీ కాగితంతో ఎఫ్‌ఐఆర్ పోదు. పోలీసులకు కూడా దాన్ని చింపేసే అధికారం లేదు. ఛార్జ్‌షీట్‌లో 115(2), 351(2) మాత్రమే మిగిలితే దెబ్బలు తిన్నవాళ్లు కోర్టులో రాజీ చేసుకోవచ్చు, లోక్ అదాలత్ రోజున ఒక్క పూటలో అయిపోతుంది. కర్ర సెక్షన్, అంటే 118(1), అలాగే ఉంటే కింది కోర్టులో రాజీ కుదరదు. రెండు పక్షాలూ కలిసి హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కేసులు కొట్టేయమని అడగాలి. ఇంటి గొడవల్లో, నిజంగా కలిసిపోయారని నమ్మకం కుదిరితే హైకోర్టు ఒప్పుకుంటుంది. రెండు కేసులకూ కలిపే చేయించండి, ఒకటి తేల్చి ఒకటి వదిలేయకండి.

ఆ పెద్దాయన అక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100 వాళ్ల నంబరే. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. అమ్మా, పెద్దమ్మా ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఖమ్మంచెల్లి | ఆదివారం, మధ్యాహ్నం 12:40

సోమవారం వెళ్తున్నాం సార్. పెద్దమ్మ ఆధార్ కార్డు కూడా తెచ్చుకోమని చెప్పాను.